డెన్వర్ పంపు మీద 85, 87, 91: ఎత్తైన ప్రాంతాల్లో కారుకు ఏ ఆక్టేన్ కొట్టించాలి

డాలస్ నుంచో అట్లాంటా నుంచో కొలరాడోకు మారిన మనవాళ్ళు మొదటిసారి ఇక్కడి గ్యాస్ స్టేషన్‌లో కారు ఆపినప్పుడు పంపు మీది ఆక్టేన్ అంకెలను, అంటే ఇంజిన్‌లో ముందే అంటుకోకుండా పెట్రోలు ఎంత తట్టుకుంటుందో చెప్పే అంకెలను, పెద్దగా పట్టించుకోరు. అక్కడ 87, 89, 93 అని ఉండే మూడు బటన్లు ఇక్కడ 85, 87, 91గా ఉంటాయి. పేరు మాత్రం మారదు. అన్నిటికన్నా చవకైన బటన్‌కు అక్కడా ఇక్కడా ‘రెగ్యులర్’ అనే పేరే ఉంటుంది కాబట్టి చేయి అలవాటు ప్రకారం దాని మీదికే వెళ్తుంది. డెన్వర్‌కు వచ్చిన కొత్తలో నేనూ రెండు నెలలపాటు అలాగే 85 కొట్టించాను. దాని ఫలితం ఏమిటో తరువాత చెబుతాను.

ముందుగా సమాధానం: మీ కారు మాన్యువల్ కనీసం 87 అడుగుతున్నట్లయితే, ఎంత ఎత్తులో ఉన్నా 87నే కొట్టించండి. కొలరాడోలో, యూటాలో అది సాధారణంగా మధ్య బటన్ అవుతుంది. మాన్యువల్ ప్రీమియం తప్పనిసరి అంటే 91 కొట్టించండి. 85ను కార్బురేటర్ (గాలిలో పెట్రోలును కలిపే పాత తరహా పరికరం) ఉన్న పాత బండ్లకు వదిలేయండి. అమెరికా ప్రభుత్వం నడిపే ఇంధన పొదుపు వెబ్‌సైటు కూడా ఇదే చెబుతుంది: 85 ఆక్టేన్‌ను ఎత్తైన ప్రాంతాల్లో అమ్మనిచ్చింది కార్బురేటర్ ఇంజిన్లు దాన్ని తట్టుకున్నాయి కాబట్టే, నేటి ఇంజిన్ల విషయంలో అది చెల్లదు. కారణం తెలియకపోతే పంపు దగ్గర నిలబడి ధర చూసేటప్పుడు మనసు మళ్ళీ 85 వైపే లాగుతుంది కనుక ఆ కారణాన్ని కొంచెం వివరంగా చెప్పుకోవడం అవసరం.

మీ కారు ఏమి అడుగుతోంది

పెట్రోల్ ట్యాంక్ మూత తెరిస్తే, దాని లోపలి వైపు చాలా కార్లలో ఒక చిన్న స్టిక్కర్ ఉంటుంది. అక్కడ లేకపోతే మాన్యువల్‌లో ఇంధనానికి సంబంధించిన పేజీ చూడండి. ఆ పేజీలో ఒక మాటను జాగ్రత్తగా చదవాలి. ప్రీమియం ‘రిక్వైర్డ్’ అని ఉంటే అది తప్పనిసరి, ‘రికమెండెడ్’ అని ఉంటే అది సలహా మాత్రమే. సలహా మాత్రమే అయినప్పుడు 87తోనూ కారు క్షేమంగా నడుస్తుంది, కాకపోతే శక్తి కొద్దిగా తగ్గవచ్చు. కొన్ని కంపెనీలు ఇంకొక అడుగు ముందుకు వేసి, ఎత్తైన ప్రాంతాల్లో రెగ్యులర్ పేరుతో 87 కన్నా తక్కువ ఆక్టేన్ అమ్ముతారనీ, దాన్ని వాడటం వల్ల ఇంజిన్ పాడైతే వారంటీ వర్తించకపోవచ్చనీ మాన్యువల్‌లోనే రాస్తాయి. ఆ ఒక్క వాక్యం మీ మాన్యువల్‌లో ఉందేమో చూసుకోండి, ఉంటే ఇక ఆలోచించవలసింది ఏమీ లేదు.

ఇండియా నుంచి వచ్చినవారు ఇక్కడ ఒక పొరపాటు చేసే అవకాశం ఉంది. మన దేశంలో ఆక్టేన్‌ను ఆర్‌ఓఎన్ అనే పద్ధతిలో చెబుతారు. అమెరికాలో ఆర్‌ఓఎన్, ఎంఓఎన్ అనే రెండు కొలతల సగటును పంపు మీద రాస్తారు. ఎంఓఎన్ పరీక్షలో ఇంజిన్‌ను మరింత కఠినమైన పరిస్థితుల్లో నడుపుతారు కాబట్టి ఆ అంకె తక్కువ వస్తుంది, సగటు కూడా తగ్గుతుంది. అందువల్ల ఆర్‌ఓఎన్ లెక్కలో 91, ఇక్కడి పంపు మీది 87 దాదాపు ఒకటే. మాన్యువల్‌లో ‘87, ఆర్‌ఓఎన్ 91’ అని రెండూ పక్కపక్కన ఉంటే, 91 అనే అంకెను మాత్రమే చూసి ఖరీదైన ప్రీమియం కొట్టించుకునేవారు ఉన్నారు. పంపు మీద పసుపు రంగు చదరంలో నల్లగా కనిపించే అంకెను మాన్యువల్‌లోని మొదటి అంకెతోనే పోల్చాలి.

ఎత్తుకూ ఆక్టేన్‌కూ సంబంధం ఏమిటి

ఇంజిన్ సిలిండర్‌లో పెట్రోలూ గాలీ కలిసిన మిశ్రమాన్ని పిస్టన్ గట్టిగా అదిమిపెడుతుంది. స్పార్క్ ప్లగ్ దగ్గర రవ్వ పుట్టిన తరువాత మంట అక్కడినుంచి మొదలై సిలిండర్ అంచులదాకా క్రమంగా పాకాలి. మంట ఇంకా చేరని మూలలో ఉన్న మిశ్రమం వేడికీ ఒత్తిడికీ తాళలేక తనంతట తానే భగ్గుమంటే దాన్ని నాకింగ్ అంటాం. తగరపు డబ్బాలో గులకరాళ్ళు వేసి ఊపినట్లు వినిపించే ఆ చప్పుడు పిస్టన్ మీద పడుతున్న దెబ్బల చప్పుడే, అది ఎక్కువ కాలం సాగితే పిస్టన్ పగలవచ్చు, అంచులు కరగవచ్చు. ఈ రకంగా ముందే అంటుకోకుండా పెట్రోలు ఎంతవరకు తట్టుకోగలదో చెప్పేదే ఆక్టేన్ సంఖ్య. ఐసో ఆక్టేన్ అనే ద్రవానికి 100, హెప్టేన్ అనే ద్రవానికి సున్నా ఇచ్చి, వాటితో పోల్చి ఆ కొలత తయారు చేశారు. అందులో శక్తి ఎంత ఉంది, పెట్రోలు ఎంత శుభ్రంగా ఉంది అన్నవాటికీ ఆ సంఖ్యకూ సంబంధం లేదు. 91 అంటే 87 కన్నా బలమైన పెట్రోలు అనుకోవడం పొరపాటు.

ఎత్తుకు వెళ్ళేకొద్దీ గాలి పలచబడుతుంది. సముద్రమట్టానికి 5,280 అడుగుల ఎత్తున ఉన్న డెన్వర్‌లో గాలి ఒత్తిడి సముద్రమట్టంతో పోలిస్తే సుమారు 83 శాతమే. సిలిండర్‌లోకి వెళ్ళే గాలి తగ్గితే అందులో ఏర్పడే ఒత్తిడి తగ్గుతుంది, నాకింగ్ వచ్చే అవకాశమూ తగ్గుతుంది. సముద్రతీరంలో 87 కావలసిన పాత కారు ఇక్కడ 85తో చక్కగా నడిచింది అందుకే. 85 అమ్మకం వెనుక ఉన్న ఆలోచన ఆనాటి కార్లకు తప్పు కాదు.

మారింది కారు. పాత కారులో రవ్వ ఎప్పుడు పుట్టాలన్నది చాలావరకు ముందే బిగించిపెట్టినట్లు ఉండేది. ఇప్పటి కారులో ఒక కంప్యూటర్ లోపలికి వచ్చే గాలిని క్షణక్షణం కొలుస్తూ, గాలి పలచబడిందని తెలియగానే రవ్వను ఇంకాస్త ముందుగా పుట్టిస్తుంది. ఎత్తు వల్ల కలిసివచ్చిన వెసులుబాటును ఆ విధంగా అది శక్తిగా మార్చేసుకుంటుంది, తక్కువ ఆక్టేన్ కోసం మిగిల్చేది పెద్దగా ఉండదు. దానికి తోడు పాతకాలంలో 8 లేదా 9 ఉండే కంప్రెషన్ రేషియో (పిస్టన్ మిశ్రమాన్ని ఎన్నో వంతుకు అదిమిపెడుతుందో చెప్పే అంకె) ఇప్పుడు మామూలు కుటుంబ కార్లలోనే 10 నుంచి 13 దాకా ఉంటోంది.

టర్బో ఉన్న కారు సంగతి మరీ భిన్నం. దీన్ని మా వంటింటి ఉదాహరణతో చెబుతాను. డెన్వర్‌లో నీళ్ళు సుమారు 95 డిగ్రీలకే మరుగుతాయి. అందుకే మామూలు గిన్నెలో పెట్టిన కందిపప్పు తొందరగా మెత్తబడదు, చాలాసేపు పలుకు పలుకుగానే ఉంటుంది. అదే పప్పును కుక్కర్‌లో పెడితే బయటి గాలి ఎంత పలచగా ఉన్నా లోపల ఒత్తిడి పెరుగుతుంది, పప్పు ఉడుకుతుంది. టర్బో ఇంజిన్‌కు చేసే పని అదే. బయటి గాలి పలచగా ఉందని తెలిసి మరింత వేగంగా తిరిగి, గాలిని కుక్కి, సిలిండర్‌లోకి దాదాపు సముద్రమట్టంలో ఉన్నంత గాలిని పంపడానికి ప్రయత్నిస్తుంది. అంటే సిలిండర్ లోపల మీరు డెన్వర్‌లో లేరు, హ్యూస్టన్‌లోనే ఉన్నారు. అటువంటి ఇంజిన్‌కు ఎత్తు పేరు చెప్పి 85 పోయడానికి ఏ ఆధారమూ లేదు. ఇప్పుడు చిన్న ఇంజిన్‌తో వస్తున్న ఎస్‌యూవీలలో చాలా వాటికి టర్బో ఉంటుంది. తమ కారుకు టర్బో ఉన్న సంగతి తెలియకుండానే ఏళ్ళ తరబడి నడిపేవారు ఉన్నారు కాబట్టి మాన్యువల్ తెరిచినప్పుడు అదీ చూసుకోండి.

రటోన్ కనుమ ఎక్కుతుండగా

మాదీ టర్బో కారే. ఆ జూలైలో డాలస్‌కు బయలుదేరిన ఉదయం డెన్వర్‌లో ట్యాంకు నిండా 85 కొట్టించాను. నలుగురు మనుషులు, వెనుక నిండా సామాను, ఏసీ. ట్రినిడాడ్ ఊరు దాటాక ఐ-25 రహదారి కొలరాడో, న్యూ మెక్సికో సరిహద్దులో 7,834 అడుగుల ఎత్తున ఉన్న రటోన్ కనుమ వైపు ఎక్కుతుంది. లారీని దాటడానికి యాక్సిలరేటర్ గట్టిగా తొక్కిన చోట బానెట్ కింద గోలీలు దొర్లినట్లు రెండు క్షణాలపాటు చప్పుడు వచ్చి ఆగిపోయింది. ఆగిన వెంటనే కారు లాగడం మానేసింది. గేరు దానంతట అదే దిగి, ఇంజిన్ రొద పెట్టింది కానీ వేగం పెరగలేదు. లారీని దాటకుండా వెనుకకు తగ్గవలసి వచ్చింది.

చప్పుడు ఆగిపోవడమే ఇక్కడ గమనించవలసిన సంగతి. ఇంజిన్‌కు అమర్చిన నాక్ సెన్సర్ ఆ దెబ్బలను పసిగట్టి కంప్యూటర్‌కు చెబుతుంది, కంప్యూటర్ రవ్వను ఆలస్యం చేస్తుంది. ఇంజిన్ బతుకుతుంది, శక్తి పోతుంది, మైలేజీ కూడా తగ్గుతుంది. చాలామంది చప్పుడు అసలు వినరు, కారు కొండ మీద మొండికేస్తోందని మాత్రమే అనుకుంటారు. ‘నేను పదేళ్ళుగా 85 కొట్టిస్తున్నాను, ఏమీ కాలేదు’ అనే మాట ఇక్కడ తరచుగా వినిపిస్తుంది. టర్బో లేని కారును ఊళ్ళోనే, తేలికగా నడిపేవారి విషయంలో అది నిజమే కావచ్చు కూడా. అయితే అందులో కొంత భాగం పెట్రోలు గొప్పతనం కాదు, సెన్సర్ పడుతున్న శ్రమ. ఎండ మండుతున్న రోజున బరువుతో ఎత్తు ఎక్కేటప్పుడు ఆ సెన్సర్ చేయగలిగేది పరిమితం. గాలనుకు 40 సెంట్ల తేడా ఉందనుకుంటే 12 గాలన్లకు మిగిలేది 4 డాలర్ల 80 సెంట్లు. తగ్గిన మైలేజీ అందులో కొంత తినేస్తుంది.

పొరపాటున కొట్టించినవారు ఏమి చేయాలి

కంగారుపడి ట్యాంకు ఖాళీ చేయించనవసరం లేదు. రెండు రకాల పెట్రోళ్ళు కలిసినప్పుడు ఆక్టేన్ దాదాపుగా వాటి సగటు లెక్కనే వస్తుంది. ఆ రోజు రటోన్ ఊరు చేరేసరికి మా 14 గాలన్ల ట్యాంకు సగం అయింది. 7 గాలన్ల 85 మీద 7 గాలన్ల 91 పోయించాను, మొత్తం 88 అయింది. అక్కడినుంచి అమరిల్లో దాకా ఆ చప్పుడు మళ్ళీ రాలేదు. 87 చాలనుకుంటే రెండు వంతుల 85కు ఒక వంతు 91 సరిపోతుంది. ట్యాంకు నిండా 85 ఉండి వెంటనే కలపడానికి చోటు లేకపోతే, పావు వంతో సగమో ఖర్చయ్యేవరకు యాక్సిలరేటర్‌ను మెల్లగా తొక్కండి, బరువు లాగకండి, ఎత్తులో ఇతర వాహనాలను దాటే ప్రయత్నం మానుకోండి. ఇంజిన్ హెచ్చరిక లైటు మినుకుమినుకుమంటే మాత్రం పక్కన ఆపి ఇంజిన్ కట్టేయవలసిందే.

దుకాణాల్లో దొరికే ఆక్టేన్ పెంచే సీసాలను నేను సిఫారసు చేయను. వాటి మీద ‘ఇన్ని పాయింట్లు పెరుగుతుంది’ అని రాసినప్పుడు ఒక పాయింటు అంటే సాధారణంగా ఆక్టేన్ సంఖ్యలో పదో వంతు మాత్రమే. 7 పాయింట్లు అంటే 85 కాస్తా 85.7 అవుతుంది. ఆ డబ్బుతో 91 పోయించుకోవడం మేలు.

కొండ దిగేవారికి ఇంకొక జాగ్రత్త

ట్యాంకులోని పెట్రోలు కొన్న చోట ఖర్చు కాదు, మనం వెళ్ళే దారిలో ఖర్చవుతుంది. డెన్వర్‌లో నింపిన 85తో కాన్సస్ వైపు వెళ్తే మైలు మైలుకూ గాలి చిక్కబడుతుంది. సాల్ట్ లేక్ సిటీ సుమారు 4,200 అడుగుల ఎత్తున ఉంటే, అక్కడినుంచి ఐ-15 మీద చేరే లాస్ వేగస్ సుమారు 2,000 అడుగుల ఎత్తునే ఉంది, పైగా వేసవిలో అక్కడి ఎండ సంగతి అందరికీ తెలిసిందే. ఎత్తులో 85ను భరించిన టర్బో లేని కారు కూడా అక్కడ నాకింగ్ మొదలుపెట్టవచ్చు. మౌంట్ రష్‌మోర్ చూడటానికి వెళ్ళేవారికి సౌత్ డకోటా పశ్చిమ భాగంలోనూ, ఎల్లోస్టోన్‌కు వెళ్ళేవారికి వయోమింగ్‌లోనూ ఇదే 85 ఎదురవుతుంది. న్యూ మెక్సికోలో కొన్నిచోట్ల రెగ్యులర్ 86గా ఉంటుంది. రాష్ట్రం మారినప్పుడల్లా పేరు కాక అంకె చదవాలని చెప్పేది ఇందుకే.

మైదానం నుంచి కొండకు వచ్చేవారికి మాత్రం ఏ చింతా అక్కర్లేదు. ట్యాంకులో ఉన్న 87తో 14,115 అడుగుల పైక్స్ పీక్ శిఖరం దాకా వెళ్ళవచ్చు. టర్బో లేని ఇంజిన్ ప్రతి 1,000 అడుగులకూ సుమారు 3 శాతం శక్తిని కోల్పోతుంది కాబట్టి సముద్రమట్టంలో 200 హార్స్‌పవర్ ఇచ్చే కారు ఆ శిఖరం దగ్గర 120కి అటూ ఇటూగా ఇస్తుంది. ‘కారు లాగడం లేదు, ఈసారి ప్రీమియం కొట్టిద్దాం’ అని అక్కడ అనిపిస్తుంది. కారుకు తక్కువైంది గాలి. ఎంత ఖరీదైన పెట్రోలు పోసినా ఆ గాలి తిరిగి రాదు. 87 చాలునన్న కారుకు ప్రీమియం పోయడం వల్ల లాభం లేదని అమెరికా వాహనదారుల సంస్థ ఏఏఏ 2016లో పరీక్షలు చేసి మరీ చెప్పింది. 93 సలహాగా రాసి ఉన్న కార్లవారు ఇక్కడ 93 దొరకలేదని బెంగపడనవసరం లేదు, అది సలహా మాత్రమే కనుక 91 సరిపోతుంది.

ఒక్క విషయంలో మాత్రం మరీ జాగ్రత్తగా ఉండాలి. 85 వేరు, ఈ-85 వేరు. ఈ-85 అంటే సగానికి పైగా ఇథనాల్ ఉన్న ఇంధనం, దానికోసమే తయారైన ఫ్లెక్స్ ఫ్యూయల్ కార్లకు మాత్రమే పనికివస్తుంది, మామూలు కారులో పోయకూడదు. అలాగే 88 అని కనిపించేది చాలాచోట్ల 15 శాతం ఇథనాల్ కలిసినది. 2001, ఆ తరువాతి మోడల్ కార్లకు దాన్ని అనుమతించారు, మోటారు సైకిళ్ళకు అనుమతి లేదు.

లదాఖ్ వెళ్ళే మనవాళ్ళకు

హైదరాబాద్ నుంచి లేహ్‌కు బైకు మీద వెళ్ళాలనుకునే తమ్ముళ్ళు ఇదే ప్రశ్న నన్ను అడుగుతుంటారు. మన దేశంలో ఎత్తైన ప్రాంతాలకని విడిగా తక్కువ ఆక్టేన్ పెట్రోలు అమ్మే పద్ధతి లేదు కాబట్టి అక్కడ చవకైన పెట్రోలు గురించి భయపడే పని లేదు. మాన్యువల్ చెప్పిన మామూలు పెట్రోలే చాలు. 17,582 అడుగుల ఖర్దుంగ్ లా దగ్గర గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉన్నదానికి సగం కన్నా కొద్దిగా మాత్రమే ఎక్కువ. అక్కడ బండి ఈడ్వడానికి కారణం అదే తప్ప ఎక్కువ ఆక్టేన్ ఉన్న ఖరీదైన పెట్రోలు పోయకపోవడం కాదు. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 కాలుష్య ప్రమాణాల బైకుల్లో దాదాపు అన్నిటికీ ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉంటుంది, గాలికి తగ్గట్టు పెట్రోలును అదే సర్దుకుంటుంది. పాత కార్బురేటర్ బుల్లెట్ అయితే గాలి తగ్గినా పెట్రోలు దాదాపు మునుపటిలాగే దిగుతుంది, సైలెన్సర్‌లోంచి నల్లపొగ వస్తుంది, ప్లగ్ విప్పి చూస్తే మసిబారి ఉంటుంది. దానికి మందు మెకానిక్ చేత జెట్‌ను (కార్బురేటర్‌లో పెట్రోలు దిగే సన్న రంధ్రం ఉన్న ముక్క) చిన్నదిగా మార్పించుకోవడం, కిందికి దిగాక పాత జెట్‌ను మరచిపోకుండా తిరిగి బిగించుకోవడం. మన తిరుమల, అరకు ఘాట్ రోడ్లు ఆక్టేన్ గురించి ఆలోచించవలసినంత ఎత్తైనవి కావు.

డెన్వర్ విమానాశ్రయంలో కారు అద్దెకు తీసుకునేవారు ముందుగా ట్యాంక్ మూత లోపలి స్టిక్కర్‌ను ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి, పంపు దగ్గర మాన్యువల్ వెదకవలసిన పని ఉండదు. తిరిగి ఇచ్చేముందు ట్యాంకు నింపేటప్పుడు మన కారు కాదు కదా అని 85 పోయకుండా ఆ ఫొటోలో ఉన్న అంకెనే పోయించండి. మన తరువాత ఆ కారును తీసుకునే కుటుంబం అదే ట్యాంకుతో కొండ దిగి నెబ్రాస్కా వైపు వెళ్తూ ఉండవచ్చు.